ముంజకాయల బండి నుంచి బేరింగుల బండి దాకా: చిన్ననాటి బండ్లు మళ్లీ చేసుకునే పద్ధతి

వేసవి సెలవులకు ఊరొచ్చిన పిల్లలకు ముంజకాయల బండి చేసిపెడదామని కూర్చునేవాళ్లకు బండి రూపం కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది, పని మాత్రం చేతికి రాదు. కర్ర గుచ్చగానే కాయ చీలుతుంది. లేదంటే వీధి మలుపు తిరక్కముందే ఒక చక్రం ఊడి పక్కకు దొర్లిపోతుంది. లోపం చాలావరకు ఇరుసు దగ్గరే ఉంటుంది. అందుకే ముందు ఇరుసు సంగతి తేల్చుకుని తర్వాత బండ్ల దగ్గరకు వెళ్దాం.

ఎడ్లబండిలో ఇరుసు కదలదు. చక్రం కుండ, అంటే చక్రం నడిమి దిమ్మ, దాని మీద తిరుగుతుంది, చివర కొట్టిన కడశీల చక్రాన్ని ఊడిపోకుండా ఆపుతుంది. రైలుబండిలో చక్రాలు ఇరుసుకు బిగిసి ఉంటాయి, ఇరుసే తిరుగుతుంది. ఆటబండి ఏదైనా ఈ రెండింట్లో ఒక పద్ధతిలోనే నడవాలి. చక్రంలోనూ ఇరుసు బిగిసి, బండి కట్టులోనూ బిగిసిందా, చక్రం తిరగక నేలమీద ఈడ్చుకుపోతుంది. రెండుచోట్లా వదులుగా ఉంటే చక్రం ఊగి ఊగి ఊడిపోతుంది. ఒకచోట బిగువు, ఒకచోట వదులు ఉండాలి. ముంజకాయల బండిది రైలు పద్ధతి, బేరింగుల బండిది ఎడ్లబండి పద్ధతి.

ముంజకాయల బండి

కావలసినవి: ముంజలు తీసేసిన తాటికాయలు రెండు, బొటనవేలంత లావున్న 30 సెం.మీ. కర్ర ఒకటి, పంగలకర్ర ఒకటి, జానెడు పురికొస, కత్తి. మేకులు అక్కర్లేదు.

కాయల ఎంపికలోనే సగం పని అయిపోతుంది. రెండూ ఒకే గెలలోవి అయితే సైజు ఇంచుమించు ఒకటిగా ఉంటుంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకుంటే బండి ఎంత తిన్నగా తోసినా చిన్నకాయ వైపుకే తిరుగుతుంది. ముంజ లేతగా, నీళ్లతో ఉన్న కాయ కావాలి. ముదిరిన కాయలో టెంక గట్టిపడి కర్ర దిగదు, బలవంతంగా కొడితే కాయ నిలువునా చీలుతుంది. మరీ పిందె తీసుకుంటే రెండో రోజుకే వడలిపోతుంది. పట్టణాల్లో ఉన్నవాళ్లు రోడ్డు పక్కన ముంజలు కొట్టి అమ్మేవాళ్ల దగ్గర డొక్కల కుప్పలోంచి జత ఏరుకోవచ్చు. పైభాగం పల్చగా చెక్కిన కాయలే తీసుకోండి, ముంజ కోసం సగానికి నరికినవి పనికిరావు. వానాకాలంలో రాలే తాటిపండుతో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. గుజ్జు మెత్తబడి కర్ర నిలవదు, చేతులన్నీ పసుపు జిగురవుతాయి.

ఇక ఇరుసు. వేప, కానుగ, తుమ్మ ఏదైనా సరే, తిన్నగా ఉండాలి. ముందు బెరడు ఒలవండి. బెరడుతోనే గుచ్చితే అది లోపల నలిగి జారుతుంది, కాయ పట్టు వదిలేస్తుంది. రెండు చివర్లూ మూడు అంగుళాల పొడవున క్రమంగా సన్నగా చెక్కండి. పెన్సిలులా మొన ఒక్కటే చెక్కితే కాయలోకి దిగేటప్పుడు పీచును చీలుస్తుంది. ఏటవాలు నిదానంగా ఉంటే పీచు పక్కకు జరిగి, తర్వాత కర్రను తనే బిగిస్తుంది.

గుచ్చాల్సింది ముచ్చిక ఉన్న వైపు నుంచి. ముచ్చిక రేకులు పీకేస్తే మధ్యలో చిన్న గుంట కనబడుతుంది, అదే నడిబొడ్డు. అక్కడ కత్తిమొనతో కాస్త తొలిచి, కర్రను ఆనించి, కాయను నేలమీద నిలబెట్టి, చేత్తో తిప్పుతూ దించండి. మొన అవతలివైపు మూడు కళ్ల మధ్యనున్న పీచులోంచి రావాలి. ఏదో ఒక కంటిలోంచి వచ్చిందంటే కర్ర ఓరగా దిగిందన్నమాట. అలాంటి చక్రం తిరిగేటప్పుడు తల ఊపుతూనే ఉంటుంది. తీసి మళ్లీ అదే రంధ్రంలో గుచ్చితే మళ్లీ అటే పోతుంది కాబట్టి కాయ మార్చడమే మేలు. రెండో కాయనూ అలాగే ఎక్కించాక, కోసిన ముఖాలు బయటికి, ముచ్చికలు లోపలికి ఉంటాయి. కాయల నడుమ నాలుగు వేళ్ల ఎడం వదలండి. కర్ర బయటికి రెండువైపులా ఒక అంగుళం పొడుచుకుని ఉంటే చాలు.

పంగలకర్ర పొడవు పిల్లవాడి ఛాతీ ఎత్తుకు కొంచెం తక్కువ. ఎనిమిదేళ్ల పిల్లలకు మీటరు కన్నా కొంచెం తక్కువైతే సరిపోతుంది. పంగ కొమ్మలు రెండూ రెండేసి అంగుళాలకు మించకూడదు. తోసేటప్పుడు కర్ర ఏటవాలుగా ఉంటుంది, పంగలో ఒక కొమ్మ ఇరుసు పైనుంచి, రెండోది కిందినుంచి ముందుకు వస్తాయి. ఇరుసు నేలకు రెండు, రెండున్నర అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. కింది కొమ్మ పొడుగైతే మట్టిలో గుచ్చుకుని బండి అక్కడే ఆగుతుంది, తోస్తున్న పిల్లవాడి పొట్టలో కర్ర పోటు తగులుతుంది. పిల్లలకు దెబ్బ తగిలేది ఎక్కువగా ఇలాగే. కర్ర పైచివర గుండ్రంగా చెక్కి గుడ్డ చుట్టడం మరవకండి.

పంగ లోపలి వంపు నున్నగా ఉండాలి. కత్తి వెనుకవైపుతో గీకి, రెండు చుక్కల ఆముదమో కొబ్బరినూనో పట్టించండి. ఇరుసు తిరిగేది ఈ వంపులోనే కాబట్టి వదులు ఉండాల్సింది ఇక్కడే, వేలు పట్టేంత ఉంటే సరి. ఆ తర్వాత పంగ కొమ్మల చివర్లను పురికొసతో కలిపి, ఇరుసు మధ్యలో ఉండేలా వదులుగా కట్టండి. ఈ ముడి లేకపోతే బండిని వెనక్కి లాగినప్పుడల్లా పంగ ఇరుసును వదిలేస్తుంది.

బండి రెండు మూడు రోజులు బాగా తిరుగుతుంది. ఆపైన కాయ ఎండి ముడుచుకుంటుంది, రంధ్రం వదులవుతుంది. ఇరుసు తిరుగుతున్నా చక్రం ఆగిపోతుందంటే అదే కారణం. కోసిన ముఖం వైపు నుంచి సన్నటి చీలిక ఒకటి కర్ర పక్కన దిగ్గొడితే ఇంకో రోజు లాగుతుంది. ఎండలో వదిలేయకుండా రాత్రిపూట తడిగోనె కప్పితే వడలడం ఆలస్యమవుతుంది. చీమలు, ఈగలు పట్టడం ఎలాగూ తప్పదు, కాబట్టి ఇంట్లోకి తేనివ్వకండి.

చొప్ప బెండ్ల ఎడ్లబండి

తాటిచెట్లు తక్కువై జొన్నచేలు ఎక్కువైన చోట పిల్లల బండి జొన్నచొప్పతో తయారయ్యేది. దీనికి ఓపిక కావాలి. తోసి ఆడుకునే బండి కాదిది, దారం కట్టి మెల్లగా లాగేది.

బాగా ఎండిన, పురుగు పట్టని దంటు తీసుకుని కణుపుల దగ్గర విరవండి. పై పెచ్చును పొడవుగా ఒలిస్తే లోపల తెల్లటి బెండు మిగులుతుంది. పెచ్చు అంచు బ్లేడులా కోస్తుంది. చిన్నపిల్లల చేత ఒలిపించకండి, పెద్దలైనా వేలికి గుడ్డ చుట్టుకోవాలి. నోటితో ఒలిచే అలవాటు మానుకోవడమే మంచిది, పెదవి తెగితే రెండు రోజులు కారం తినలేరు.

చక్రానికి 2 మి.మీ. వెడల్పు, 18 సెం.మీ. పొడవున్న పెచ్చు ఒకటి చాలు. పావుగంట నీళ్లలో నానబెట్టండి, లేకపోతే వంచగానే పుటుక్కున విరుగుతుంది. చిటికెనవేలి గోరంత బెండు ముక్కలు నాలుగు ఈ పెచ్చుకు పూసల్లా గుచ్చి, రెండు కొసలూ ఒకే ముక్కలో ఎదురెదురుగా దించితే సుమారు 5.5 సెం.మీ. చక్రం వస్తుంది. మధ్యలో ఇంకో బెండు ముక్క పెట్టి, దానిలోంచి నాలుగు వైపులా పెచ్చు పుల్లలు గుచ్చి అంచు ముక్కల్లో దించండి. కుండ, ఆకులు, అంచు అన్నీ అమరినట్టే. ఆకులు నాలుగూ ఒకే పొడవు లేకపోతే చక్రం కోడిగుడ్డులా అవుతుంది, అందుకే మొదటి పుల్లను కొలగా పెట్టుకుని మిగతావి కోయండి.

బండి కట్టుకు జానెడు పొడవున్న బెండ్లు రెండు నొగలు, అంటే కాడి దాకా సాగే నిలువు కర్రలు. వాటిని వెనుక ఎడంగా, ముందు దగ్గరగా పెట్టి మూడు అడ్డపుల్లలు గుచ్చాలి. ఇరుసు కోసం వెదురు పుల్ల వాడండి, పెచ్చు పుల్ల బరువుకు వంగుతుంది. కుండలోని రంధ్రం ఇరుసు కన్నా కొంచెం పెద్దదిగా ఉండాలి. ఒకే పుల్లతో పదేపదే పొడిచే బదులు, అగరుబత్తి పుల్లతో మొదలుపెట్టి వెదురు పుల్లతో తిప్పుతూ పెద్దది చేస్తే బెండు పిగిలిపోదు. చివర్లో చిన్న బెండు బిళ్లలే కడశీలలు. కాడి కట్టాక ఎడ్లు కూడా కావాలని పిల్లలు అడుగుతారు, పెద్ద బెండు ముక్కకు నాలుగు పుల్లలు గుచ్చితే వాళ్లకు అదే ఎద్దు.

కొండపల్లి ఎడ్లబండి ఉంటే చాలు కదా అనుకునేవాళ్లకు ఒక మాట. కొండపల్లి బొమ్మలు చేసేది తెల్లపొణికి కర్రతో. అది తేలిక, మెత్తన. కొలువులో పెట్టడానికి, అద్దాల బీరువాలో పెట్టడానికి అంతకు మించినది లేదు. కానీ రోజూ నేలమీద లాగి ఆడితే నిలవదు. లాగి ఆడుకోవడానికి కొనేటట్లయితే ఏటికొప్పాక లక్క బొమ్మల్లో చూడండి. అంకుడు కర్రను తరిణి పట్టి, అంటే కర్రను గిరగిరా తిప్పుతూ చెక్కి, చేస్తారు కాబట్టి చక్రం గుండ్రంగా వస్తుంది. వీటికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేముందు బండిని తిరగేసి చక్రాలు చేత్తో తిప్పి చూసుకోండి. అలంకారానికి చేసిన వాటిలో చక్రాలు అతికించి ఉంటాయి.

హవాయి చెప్పు చక్రాల బండి

పట్నం పిల్లలకు దొరికే సరుకు ఇదే. పాత హవాయి చెప్పు, సైకిల్ షాపులో పారేసిన చక్రం పుల్ల, ఒక వెదురు కర్ర.

చెప్పులో మడమ చోటు అరిగిపోయి ఉంటుంది. ఆ భాగంతో చేసిన చక్రం ఒకవైపు మందం, ఒకవైపు పల్చన. అరగని చోట చిన్న టీగ్లాసు బోర్లించి గుండ్రంగా గీయండి. పెద్దవాళ్ల చెప్పు ఒక్కదాన్నుంచి రెండు చక్రాలు హాయిగా వస్తాయి. బ్లేడును సబ్బునీళ్లలో ముంచుతూ కోస్తే రబ్బరు పట్టుకోకుండా తెగుతుంది. బ్లేడు నిటారుగా దిగాలి. ఓరగా కోస్తే చక్రం గరాటులా తయారై బండి ఒక పక్కకు లాగుతుంది. నడిబొడ్డు తెలియడానికి అదే కొలత కాగితం గుండ్రంగా కత్తిరించి నాలుగు మడతలు వేసి విప్పండి, మడతలు కలిసేచోటే రంధ్రం.

సైకిల్ పుల్ల లావు మామూలుగా 2 మి.మీ. రబ్బరులో దానికి రంధ్రం చేయనక్కర్లేదు, మొన సానపట్టి నేరుగా గుచ్చితే రబ్బరే గట్టిగా పట్టుకుంటుంది. ఇదీ రైలు పద్ధతే. వదులు ఉండాల్సింది వెదురు కర్రలో. కర్ర కింది చివరకు ఒక అంగుళం పైన, ఎర్రగా కాల్చిన మేకుతో 4 మి.మీ. రంధ్రం చేయండి. మేకు సుత్తితో కొడితే వెదురు నిలువునా చీలిపోతుంది. కాల్చే పని పెద్దవాళ్లదే. రంధ్రానికి పైనా కిందా సన్న తీగ నాలుగు చుట్లు బిగిస్తే తర్వాత కూడా చీలదు.

ఒక చక్రానికి పుల్ల గుచ్చి, వెదురులోంచి దూర్చి, రెండో చక్రం ఎక్కించండి. చక్రానికీ కర్రకూ నడుమ వాడేసిన బాల్‌పెన్ను గొట్టం ముక్కలు అరంగుళం చొప్పున పెట్టకపోతే చక్రం జరిగి వెదురును రాసుకుంటుంది. పుల్ల చివర్లు పట్టకారుతో లోపలికి మడిచి, పదును పైకి తేలకుండా రబ్బరులోకి గుచ్చేయండి. గలగల చప్పుడు కావాలంటే మేకుతో బొక్క పెట్టి అణగ్గొట్టిన సోడామూతలు రెండు చక్రం బయట తగిలించవచ్చు. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఆ సరదా వద్దు, ఊడిన మూత నోట్లోకే పోతుంది. పైన తీగతో కట్టే స్టీరింగు ఉత్త అలంకారం, అయినా అది లేకుండా ఏ పిల్లవాడూ బండిని ఒప్పుకోడు.

టైరు దొర్లించే ఆటకు తయారీ అంటూ ఏమీ లేదు. సైకిల్ టైరు, జానెడున్నర కర్ర ఉంటే చాలు. కర్రతో టైరు వెనకభాగాన్ని సగం ఎత్తుకు పైన కొట్టాలి, ఆపడానికి కర్రను ముందుకు తెచ్చి అడ్డం పెట్టాలి. ఆట అయ్యాక టైరును ఆరుబయట పడేయకండి, నిలిచిన నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది.

బేరింగుల బండి

ఎక్కి కూర్చునే బండి కాబట్టి కొలతల్లో తేడా వస్తే దెబ్బలు తగులుతాయి. పెద్దవాళ్లు చేయాల్సిన బండి ఇది, కనీసం ఒక పూట పని.

మెకానిక్ షెడ్లలో పక్కన పడేసిన బేరింగులు నాలుగు, ఒకే నంబరువి అడగండి. నంబరు అంచు మీద ఉంటుంది. 6204 అంటే లోపలి రంధ్రం 20 మి.మీ., బయటి కొలత 47 మి.మీ. 6305 అయితే రంధ్రం 25, బయటి కొలత 62, మందం 17 మి.మీ. చివరి రెండంకెలు 04 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే వాటిని 5తో గుణిస్తే రంధ్రం కొలత వస్తుంది. దొరికితే 6305 తీసుకోండి. చిన్న బేరింగు గచ్చు పగుళ్లలో ఇరుక్కుని బండిని టక్కున ఆపేస్తుంది. బేరింగును కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, తిప్పుతూ కడిగి, ఆరాక రెండు చుక్కల కుట్టుమిషను నూనె వేయండి. అప్పటికీ గరగరమంటూ ఆగి ఆగి తిరిగితే లోపలి గుండ్లు తుప్పు పట్టినట్టే, పక్కన పడేయండి.

చెక్క కొలతలు: కూర్చునే పలక 80 సెం.మీ. పొడవు, 25 వెడల్పు, 2.5 మందం. ఇరుసు దుంగలు రెండు, ఒక్కోటి 50 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. చదరం. దుంగలకు ఎండిన తుమ్మ లేదా చింత. పచ్చికర్ర వాడితే కొన్నాళ్లకు కుంచించుకుపోయి బేరింగు దానంతటదే జారిపోతుంది.

దుంగ చివర్లు చెక్కడం అసలు పని. 6305 బేరింగుకైతే రెండు మెట్లుగా ఇలా చెక్కాలి. దుంగకు ఆనుకుని 5 మి.మీ. మేర 32 మి.మీ. లావు, ఆపైన 35 మి.మీ. పొడవున 25 మి.మీ. లావు. మొదటి మెట్టు ఎందుకంటే, బేరింగు లోపలి చుట్టు మాత్రమే చెక్కకు ఆనాలి. మెట్టు లేకుండా దుంగ వరకూ నెట్టేస్తే బయటి చుట్టు కూడా చెక్కను రాసుకుంటుంది, అప్పుడు బండి కదలదు, తోసేవాళ్ల నడుం పడిపోతుంది. ఇంకో సంగతి, ఈ ఇరుసు దుంగ నడిమధ్యలో రాకూడదు. మధ్యలో చెక్కితే దుంగ అడుగుకూ నేలకూ మధ్య 6 మి.మీ. మాత్రమే మిగులుతుంది, గులకరాయి తగిలితే చాలు, బండి ఆగిపోతుంది. ఇరుసు నడిబొడ్డు దుంగ అడుగు నుంచి 16 మి.మీ. పైన ఉండేలా గీసుకుని చెక్కితే 15 మి.మీ. ఖాళీ వస్తుంది.

బేరింగును చెక్కముక్క అడ్డం పెట్టి, లోపలి చుట్టు మీదే కొడుతూ ఎక్కించండి. వదులుగా ఉంటే పలచటి నూలుగుడ్డ ఒక చుట్టు వేయండి. బేరింగు బయట వాషరు పెట్టి, దాన్ని ఆనుకుని 4 మి.మీ. రంధ్రం తొలిచి మేకు దూర్చి రెండు కొసలూ వంచండి. ఇది కడశీల. తొలవకుండా మేకు కొడితే ఇరుసు చీలుతుంది.

వెనుక దుంగను పలక చివరి నుంచి 12 సెం.మీ. లోపల రెండున్నర అంగుళాల స్క్రూలు నాలుగింటితో బిగించండి. ముందు దుంగ తిరగాలి కాబట్టి ఒకే బోల్టు, 10 మి.మీ. లావు, నాలుగు అంగుళాల పొడవు. బోల్టు తల కింద ఉండాలి, దుంగ అడుగున ఒక సెంటీమీటరు గుంట తొలిచి అందులో దాచాలి. నట్టు కిందికి పెడితే నేలకు కొట్టుకుంటుంది. పలకకూ దుంగకూ మధ్య గ్రీజు రాసిన వాషర్లు రెండు, పైన వాషరు, దానిపై నట్టు. దుంగ చేత్తో తిప్పితే తిరిగేంత బిగించి, ఆ బిగువు సడలకుండా రెండో నట్టు వేయండి. ఒక్క నట్టుతో వదిలేస్తే అదురుకు విప్పుకుంటుంది.

ముందు ఒకే బేరింగు పెట్టి మూడు చక్రాల బండి చేసేవాళ్లూ ఉన్నారు. ఒక బేరింగు మిగులుతుంది కానీ మలుపులో పక్కకు పడుతుంది. నాలుగే నయం. ముందు దుంగ మరీ అడ్డం తిరిగినా ఇదే ప్రమాదం కాబట్టి, పలక అడుగున రెండువైపులా చెక్కముక్కలు కొట్టి మలుపును కొంతవరకే ఉంచండి. దుంగ చివర్లకు కట్టిన తాడు చేతుల్లో, పాదాలు దుంగ మీద.

బ్రేకుకు 30 సెం.మీ. కర్ర ఒకటి పలక పక్కన బోల్టు మీద ఊగేలా బిగించి, కింది కొసకు పాత టైరు ముక్క కొట్టండి. పైకొస వెనక్కి లాగితే రబ్బరు నేలను రాసుకుంటుంది. బేరింగు ఇనుము, నేల సిమెంటు కాబట్టి తడి గచ్చు మీద పట్టు ఉండదు, బ్రేకు ఉన్నా జారుతుంది. వాహనాలు తిరిగే రోడ్డు, సెల్లారులోకి దిగే వాలు, ఇంట్లో టైల్సు, ఈ మూడుచోట్లా వద్దు. బూట్లు, హెల్మెటు ఉండాల్సిందే. చెప్పులతో ఎక్కితే కాలివేళ్లు బేరింగు కిందికి పోతాయి.

మొదటి రోజు ఆట అయ్యాక బండిని తిరగేసి ఒక్కో చక్రాన్ని వేలితో తిప్పి చూడండి. తిప్పగానే ఆగిపోయే చక్రం దగ్గర దుంగ మీద గుండ్రటి గీత కనబడితే మెట్టు చాల్లేదని అర్థం. బేరింగు తీసి ఆ చోట ఇంకో మిల్లీమీటరు చెక్కండి. గీత లేకపోతే దుమ్ము చేరి ఉంటుంది, కిరోసిన్‌తో కడిగి నూనె వేస్తే సరిపోతుంది.